గోడకన్నా ముందు పుట్టిన హద్దు

కత్తెరమ్మ మెడలోంచి టేపు తీసి ఒక కొస మొగుడి చేతికిచ్చింది. "ఇక్కడ నొక్కిపట్టుకోండి. కదిలారంటే ఊరుకోను."

"బస్సు తోలేవాణ్ణి, కదలకుండా ఉండమంటే నాకు చేతకాదు" అన్నాడు డ్రైవరు. అన్నాడే గానీ, సందు వైపు గోడ మొదట్లో గొంతుక్కూర్చుని బొటనవేలితో టేపును నేలకు అదిమిపట్టాడు. ఆమె రెండో కొసను బిగించి లాగి, బట్టల మీద గీసే సుద్దతో నేల మీద గీత పెట్టింది. ఆ గీత దగ్గరికి అతను జరిగాడు. ఆమె ముందుకు వెళ్ళింది. మళ్ళీ గీత. ప్రతి గీతకూ డ్రైవరు కండక్టరులాగా "రైట్, రైట్!" అని అరుస్తున్నాడు.

గుమ్మంలో కూర్చున్న అత్తగారు, "మెల్లిగారా, ఇల్లు బెదిరి పారిపోతుంది" అంది. ఆవిడకూ నవ్వు ఆగడం లేదు.

ఇన్నేళ్ళూ అద్దె గదులే. గోడకు మేకు కొట్టాలన్నా ఒకరిని అడగాలి, మిషను తొక్కాలన్నా కిందింటివాళ్ళు నిద్ర లేచారో లేదో చూసుకోవాలి. ఇప్పుడు మందుల షాపాయన తన పాత ఇల్లు అమ్ముతానన్నాడు. బేరం కుదిరింది, బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నారు, వారం తిరిగేలోగా రిజిస్ట్రేషను. ఈలోగా చూసుకోండి, కొలుచుకోండి, ఊడ్చుకోండి అని ఆయన తాళంచెవి కూడా ఇచ్చాడు. ఆ రోజు నుంచి ముగ్గురికీ కాలు నేల మీద నిలవడం లేదు.

గీతలు సందు గోడ దగ్గర మొదలై, ఇంటి ముందుగా సాగి, అవతలి ప్రహరీగోడ దగ్గర ఆగాయి. కత్తెరమ్మ గీతలు లెక్కపెట్టుకుంది. రవికలో దోపుకున్న కాగితం ముక్క తీసింది. పాత దస్తావేజులో ఉన్న వెడల్పు అందులో రాసుకొచ్చింది.

"సరిగ్గా సరిపోయిందండీ! ఒక్క వేలు తేడా లేదు!"

"మా ఆవిడ కొలిస్తే తేడా వస్తుందా?" అని డ్రైవరు లేచి నడుం విరుచుకున్నాడు. అది గొప్పకు అన్న మాట కాదు. గీత గీయకుండానే చొక్కా కోసేస్తుందని వీధి ఆమెకు కత్తెరమ్మ అని పేరు పెట్టింది. ఆమె కుట్టిన చొక్కా ఒంటికి పట్టలేదని తిరిగొచ్చినవాళ్ళు లేరు.

ఆమె అప్పుడే ఇంటికీ ప్రహరీగోడకూ మధ్యనున్న ఖాళీలోకి వెళ్ళిపోయింది. ఇల్లంతా ఒక ఎత్తు, ఈ ఖాళీ ఒక ఎత్తు ఆమెకు. దీని మీద రేకులు దింపుతారు. ఇక్కడ కోత బల్ల. పొద్దున్న వెలుగు సూటిగా బల్ల మీద పడుతుంది. ఇప్పటిదాకా మంచం మీద బట్ట పరుచుకుని, మోకాళ్ళ మీద వంగి కోసిన మనిషి, నిలబడి కోస్తుంది. అడ్డంగా కొలిచింది. బల్ల పట్టగా, పక్కన మనిషి నడవడానికి చోటు మిగిలింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఏమ్మా, నా స్థలం కూడా కలిపి కొలుస్తున్నావా?"

గోడ పైనుంచి ఒక తల. నెరిసిన జుట్టు, మెళ్ళో ఇంకా ఈల. పక్కింటి డ్రిల్లు మాస్టారు. పిల్లల చేత కవాతు చేయించి రిటైరైన మనిషి. ఈయన గురించి మందుల షాపాయన ముందే చెప్పాడు. "హద్దుల మాస్టారంటారు వీధిలో. గోడ తన నేల మీదుందని కనబడినవాళ్ళందరికీ చెబుతాడు. వినండి, తలూపండి, వచ్చేయండి."

కత్తెరమ్మ తలూపి వచ్చేయాల్సింది. కానీ ఆ పూట ఆమెకు ఒళ్ళంతా ఉత్సాహం. ఉత్సాహంలో నోరు దానంతటదే లేస్తుంది. వీధిలో అప్పటికే నలుగురు ఆగి చూస్తున్నారు.

"మాస్టారూ, నేను నా చేత్తో కొలిచాను. కాగితంలో ఎంతుందో ఇక్కడా అంతే ఉంది. లేని నేల కోసమా ఇన్నేళ్ళూ ఈల వేశారు?"

వీధి గొల్లున నవ్వింది. ఎవరో నోటితో ఈల కూడా వేశారు. తల గోడ వెనక్కి దిగిపోయింది. అప్పుడే మాస్టారి భార్య రెండు బకెట్లతో వీధిలోకి వచ్చింది. భారీ మనిషి. ముందువైపు కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని, వీధి చివర దాకా వెళ్ళి చుట్టూ తిరిగి, వెనక గుమ్మంలోంచి, ఇంటికి విడిగా ఉన్న వంటింట్లోకి పోవాలి. నవ్వుతున్న జనం మధ్యలోంచి ఆవిడ ఎవరివంకా చూడకుండా నడిచిపోయింది. బకెట్లోంచి నీళ్ళు తొణికి చీర తడుస్తోంది. పక్కనే ఇంటి వారగా పోవచ్చు కదా, అంత చుట్టు దేనికి అని కత్తెరమ్మకు ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణంలోనే మొగుడు వెనక నుంచి, "ఇక్కడ ఫ్యాను పెడదామా?" అన్నాడు. ఆ ఆలోచన అంతటితో పోయింది.

*

కొత్తింటి గుమ్మానికి తెర కట్టాలని అత్తగారి ముచ్చట. రిజిస్ట్రేషను కాకుండా తెరేమిటని కొడుకు నవ్వితే, "గుమ్మానికి తెలియాలిరా, మనం వస్తున్నామని" అంది. అత్తగారు దేవుడితో కూడా ఇలాగే మాట్లాడుతుంది. పొద్దున్నే దీపం ముందు నిలబడి, బాగా తెలిసిన ఇంటి యజమానిని అడిగినట్టు అడుగుతుంది. "మాకూ ఒక చోటు చూపించావు, సంతోషం. ఇక మధ్యలో అడ్డం పడకు స్వామీ."

కత్తెరమ్మ గుమ్మం కొలిచి చెప్పింది. అత్తగారు ఇంట్లో కూర్చుని నీలం గుడ్డ కోసి, అంచు మడిచి, చేత్తో కుట్టింది. దారాల కొట్టువాడు ఉత్తినే ఇచ్చిన కొత్త టేపు ఆవిడ దగ్గరుంది. కోడలి టేపు ముట్టుకుంటే కోడలు ఒప్పుకోదు మరి.

సాయంత్రం ఇద్దరూ తెర పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళారు. కత్తెరమ్మ స్టూలెక్కి కడ్డీకి ఎక్కించింది. వెనక్కి వచ్చి చూశారు. తెర నేలకు మూడు వేళ్ళు పైనే ఆగిపోయింది.

"తప్పు కొలిచావే" అంది అత్తగారు.

"నేనా? మీరే తప్పు కోశారు. మడత ఎక్కువ పట్టేశారు."

"మడత కలుపుకునే కోశానే తల్లీ. నువ్వు సూది పట్టకముందు నుంచీ నేను బట్టలు కుట్టి..."

"సరే, సరే, ఆ టేపు ఇటివ్వండి."

మెడలోంచి తనది తీసింది. రెండింటినీ పక్కపక్కన పట్టుకుని, మొదళ్ళు కలిపి, కిందికి వేలాడదీసింది. కత్తెరమ్మ టేపు రెండు వేళ్ళు కిందికి దిగింది.

అత్తగారు పకపక నవ్వింది. "నీ టేపుకు వయసొచ్చిందే! సాగిపోయింది!"

నిజమే. గుడ్డ టేపు. పెళ్ళయిన కొత్తల్లో కొన్నది. రోజూ ఎందరి నడుముల చుట్టూ బిగించి లాగిందో, ఎన్ని తానుల పొడవునా సాగదీసిందో. మనిషినీ దానితోనే కొలిచేది, బట్టనూ దానితోనే కోసేది. రెండుచోట్లా ఒకే తేడా గనుక ఏ తేడా ఎప్పుడూ బయటపడలేదు. చొక్కాలు సరిపోతూనే ఉన్నాయి. కత్తెరమ్మకు కూడా నవ్వొచ్చింది. ఇంతమంది ఒళ్ళు తప్పుగా కొలిచి ఇంత మంచి పేరు తెచ్చుకున్నానా అనుకుంది.

నవ్వు సగంలో ఆగింది.

"ఏమైందే?"

ఆమె జవాబు చెప్పకుండా అత్తగారి టేపు లాక్కుని సందు గోడ దగ్గరికి పరిగెత్తింది. నేల మీద సుద్ద గీతలు ఇంకా మాయలేదు. "ఇక్కడ పట్టుకోండి అత్తయ్యా." ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఒక్కో గీత పక్కనే కొత్త గీత పడుతూ వచ్చింది. పోనుపోను కొత్త గీతలు పాత గీతలకన్నా వెనకబడ్డాయి. కాగితంలో ఉన్న వెడల్పు పూర్తయ్యేసరికి ప్రహరీగోడ ఇంకా ముందుంది. మధ్యలో మూరకు కాస్త తక్కువ నేల.

అటు సందు. మున్సిపాలిటీవాళ్ళు రాళ్ళు పాతిన సందు, అది కదలదు. మిగిలింది ఇటు, మాస్టారి వైపు.

కత్తెరమ్మ గోడ దగ్గరికి నడిచి మునివేళ్ళ మీద లేచి అవతలికి చూసింది. మొదటిసారి చూడటం. గోడకూ మాస్టారి ఇంటికీ మధ్య చీకటి చీలికలాంటి ఇరుకు. అందులో మాస్టారు నూనె సీసా పట్టుకుని పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, గోడకు వీపు రాసుకుంటూ వెనక్కి వెళుతున్నాడు. చొక్కా వెనక సున్నం. కిటికీ రెక్కలు తెరుచుకునే చోటు లేక మేకులు కొట్టేసి ఉన్నాయి. ఆయన భార్య అందులో పట్టదు. పట్టే మాటే లేదు.

కత్తెరమ్మ కిందికి దిగి, గోడకు ఇవతల, కొత్త గీత ఆగిన చోట, పెచ్చులు గీకడానికి తెచ్చుకున్న తాపీతో నేల గీకింది. జానెడు లోతులో తాపీ ఠక్కుమంది. రాయి. దాని పక్కన ఇంకో రాయి. వరసగా, గోడకు సమాంతరంగా, పాత పునాది.

"అత్తయ్యా" అంది. "నేను వీధిలో అంత మాటన్నానే ఆయన్ని."

*

రాత్రి అన్నాల దగ్గర డ్రైవరు అంతా విని, కంచం పక్కకు జరిపాడు.

"మనకేం తెలుసు? మంచి మనసుతో కొలిచాం. టేపు సాగింది. సాగిందని మనకు ముందు తెలియదు కదా."

"ఇప్పుడు తెలుసు."

"ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసు, మీకు తెలుసు, అత్తయ్యకు తెలుసు."

"పైనాయనకు కూడా" అంది అత్తగారు గోడకు ఆనుకుని.

"అమ్మా, నువ్వు పైనాయన్ని మధ్యలోకి లాగకు. ఆయనకు ఇల్లు కొనే బాధ లేదు." అన్నాక నాలిక్కరుచుకున్నాడు. మెల్లగా మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ మూరెడూ పోతే నీ బల్ల పట్టదే. ఎన్నాళ్ళు వంగి కోస్తావ్? నడుం చూసుకున్నావా?"

అతను నేల కోసం కాదు, భార్య నడుం కోసం వాదిస్తున్నాడు. అది కత్తెరమ్మకు తెలుస్తూనే ఉంది. అందుకే జవాబు కష్టమైంది. తెలియక చేసినది తప్పు కాదంటారు పెద్దలు. తెలిసిన నిమిషం నుంచి అదేమవుతుంది? తెలియకముందు పట్టిన బల్ల, తెలిశాక కూడా అక్కడే పడుతుంది. కొలత మారలేదు. మారిందల్లా తను.

"రేపు పొద్దున్న రైటరుగారి దగ్గరికి పోదాం" అంది. "చట్టం ఎట్లా ఉంటే అట్లా."

దస్తావేజుల రైటరు కుర్చీ ఒక మెట్ల కింద ఉంటుంది. లేచినప్పుడల్లా తల మెట్టుకు తగులుతుంది గనుక ఆయన లేవడు. పిప్పరమెంటు బిళ్ళ బుగ్గన పెట్టుకుని అంతా విన్నాడు. అంతా విన్నాక రిజిస్ట్రేషను కోసం తయారుచేసిన చిత్తు తీశాడు.

"ఇదుగో, తూర్పు హద్దు 'ప్రహరీగోడ' అని రాయించాడు మందులాయన. పాత దస్తావేజులో ఏముందో తెలుసా? 'మాస్టారి ఖాళీ స్థలం' అని. నేనూ గోడే కదా అని రాసేశాను. తప్పు నాది కూడా."

"గోడ లోపలున్నదంతా మనదే కదండీ?" అన్నాడు డ్రైవరు.

"గోడదేముంది నాయనా, ఇటుకలుంటే ఎవరైనా కడతారు. హద్దు గోడకన్నా ముందే పుట్టింది. అమ్మేవాడు తనకున్న హక్కే ఇవ్వగలడు. తనకు లేనిది మీకెక్కడి నుంచి తెచ్చిస్తాడు? నా చొక్కా నేను అమ్ముకోవచ్చు, నీ చొక్కా అమ్మితే కొన్నవాడికేం వస్తుంది?"

"మరి ఇన్నేళ్ళ నుంచి ఆయన అనుభవంలో ఉందే. ఏళ్ళు గడిస్తే మనదైపోతుందంటారు."

"అంటారు. కోర్టులో వాదించొచ్చు. నిరూపించాలి. కోర్టు ఔననేదాకా అది ఆయనది కాదు, అప్పటిదాకా మీదీ కాదు. మీరు కొనేది నేల కాదు, వాయిదాలు." బిళ్ళ రెండో బుగ్గకు మార్చాడు. "ఇంకోటి. పొరపాటున కొన్నవాడి సంగతి వేరు. తెలిసి కొన్నవాడు రేపు 'నాకు తెలియదు' అనడానికి లేదు. మీరు నా దగ్గరికొచ్చి చెప్పారు కూడా. ఇక తెలియని మనుషులు కాలేరు."

డ్రైవరు నెత్తి గోక్కున్నాడు. "అయితే ఇల్లు పోయినట్టేనా?"

"ఎందుకు పోతుంది? అగ్రిమెంటులో కాగితం కొలతే ఉంది. ఆ కొలతకు అమ్ముతానని ఆయన సంతకం పెట్టాడు, కొంటామని మీరు పెట్టారు. ఇద్దరూ కట్టుబడాల్సిందే. చిత్తులో ఆ ఒక్క హద్దు దిద్దమనండి. ఆయన మొండికేస్తే, కాగితం మీ వైపుంటుంది గానీ తిరగడం కూడా మీ వంతే అవుతుంది. ఒప్పించుకోండి."

*

మందుల షాపు దగ్గర అయిదారుగురు చీటీలు పట్టుకుని నిలబడ్డారు. షాపాయన మాత్రలు కత్తిరిస్తూనే విన్నాడు. వింటూ వింటూ ఎర్రబడ్డాడు.

"మీరే కొలిచారు. మీరే సరిపోయిందని వీధంతా చాటారు. ఇప్పుడు మీరే కాదంటున్నారు. జ్వరం ఇంటికొచ్చిందా, మీకొచ్చిందా?"

"టేపుకొచ్చిందండీ" అన్నాడు డ్రైవరు. చీటీల వాళ్ళు నవ్వారు. షాపాయన నవ్వలేదు.

"పునాది చూశాను" అంది కత్తెరమ్మ. "ఇవతలే ఉంది."

ఆయన కత్తెర కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "గాలివానకు పాత గోడ పడిపోయిందమ్మా. మాస్టారు అప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాడు. నేను షాపులో ఉన్నాను. మేస్త్రీ తాడు ఎక్కడ కట్టాడో ఎవరు చూశారు? ఆయన తిరిగొచ్చి చెప్పాకే నాకూ తెలిసింది. కట్టిన గోడ ఎవడు పడగొట్టుకుంటాడు? అందులోనూ ఆయన ఈల వేస్తూ చెప్పాడు. మర్యాదగా చెబితే..."

"మేం ధరేమీ తగ్గించమనడం లేదు. కాగితంలో ఉన్నదానికే కదా బేరం. తూర్పు హద్దు పాత దస్తావేజులో ఉన్నట్టే రాయించండి. గోడ సంగతి మేం చూసుకుంటాం."

"అలా రాయిస్తే ఇన్నేళ్ళూ నేను తప్పని ఒప్పుకున్నట్టే కదా, వీధిలో!" ఆయన చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇటివ్వండి. ఆ ఇంటికి ఇంకో బేరం కూడా ఉంది."

కత్తెరమ్మ కొంగు ముడి విప్పింది. తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. బయటికొచ్చాక డ్రైవరు, "అగ్రిమెంటు ఉంది కదే, రైటరుగారు చెప్పారు కదా" అని పదే పదే అన్నాడు. ఆమెకు కళ్ళ ముందు నీలం తెర ఆడుతోంది. దాన్ని కూడా అక్కడే వదిలేశారు.

ఇంటికి పోవాల్సిన మలుపు దగ్గర ఆమె అటు తిరగలేదు.

"ఎక్కడికే?"

"మాస్టారి ఇంటికి."

"ఇల్లే వస్తుందో రాదో తెలియదు. ఇప్పుడెందుకు?"

"ఇల్లు వచ్చాక చెబితే అది పొరుగింటి మంచితనం అవుతుందండీ. నేను ఆయన్ని ఆ మాట ఇల్లు రాకముందే అన్నాను."

మాస్టారు అరుగు మీద నిలబడి చేతులు చాపి, ముడిచి వ్యాయామం చేస్తున్నాడు. ఆపలేదు. కత్తెరమ్మ మెట్టు కింద నిలబడి చెప్పింది. టేపు సాగిన సంగతి, తెర, పునాది రాళ్ళు. తప్పయింది మాస్టారూ అంది.

"నా నేల నాదని నాకు తెలుసు" అన్నాడు మాస్టారు, చేతులు పైకెత్తి. "నాకు చెప్పడమెందుకు? నన్ను చూసి నవ్వింది నువ్వొక్కదానివేనా? వాళ్ళకు చెప్పు."

కత్తెరమ్మ వెనక్కి తిరిగింది. కూరగాయల బండి దగ్గర ముగ్గురు, ఎదురింటి అరుగు మీద ఇద్దరు. అన్నింటికన్నా కష్టమైనది ఇదే. తిట్టడానికి లేచిన గొంతు, ఒప్పుకోవడానికి పైకి రానంటోంది. బలవంతాన పైకి లాగింది.

"అమ్మా, అయ్యా! మొన్న నేను తప్పు కొలిచాను! నా టేపు సాగింది! మాస్టారు చెప్పింది నిజం, గోడ ఆయన నేల మీదే ఉంది!"

కూరగాయలావిడ కాటా పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఎదురింటాయన, "అయితే నా చొక్కా కూడా తప్పేనా కత్తెరమ్మా?" అని అరిచాడు.

"నీ చొక్కా సరిగ్గానే ఉందన్నా! పొట్టే కాస్త సాగింది!"

వీధి మళ్ళీ నవ్వింది. ఈసారి మాస్టారి చేతులు ఆగాయి. లోపల గుమ్మం పక్కన ఆయన భార్య, చెయ్యి నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో, ఏడుస్తోందో కత్తెరమ్మకు తెలియలేదు.

*

రిజిస్ట్రేషను రోజు ముగ్గురూ పొద్దున్నే వెళ్ళి ఆఫీసు వరండాలో కూర్చున్నారు. సాక్షులుగా ఇద్దరు తోటి డ్రైవర్లు వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ పిలుపు వస్తోంది, పోతోంది. మందుల షాపాయన జాడ లేదు. కత్తెరమ్మ గేటు వైపు చూడకూడదనుకుని గేటు వైపే చూస్తోంది. ప్రతి స్కూటరు చప్పుడుకూ డ్రైవరు లేచి నిలబడుతున్నాడు.

"కూర్చోరా, నువ్వు లేచినంత మాత్రాన వస్తాడా?" అంది అత్తగారు. ఆవిడ పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి.

"ఏమడుగుతున్నారు అత్తయ్యా?"

"ఏమీ అడగడం లేదు. జరిగింది చెబుతున్నా. మిగిలింది ఆయనకే వదిలేశా."

పన్నెండు దాటాక గేట్లో స్కూటరు ఆగింది. మందుల షాపాయన. వెనక రైటరు, ఫైలు గుండెలకు హత్తుకుని. షాపాయన వరండా ఎక్కి, ఎవరి మొహమూ చూడకుండా, "ఇంకో బేరం వాళ్ళొచ్చి చూశారు" అన్నాడు.

డ్రైవరు మొహం పాలిపోయింది.

"మొదట గోడ సంగతే అడిగారు. ఊరంతా చాటావు కదమ్మా, మైకు పెట్టినట్టు." రైటరు చేతిలోని ఫైలు చూపించి, "దిద్దించాను. గోడ మీరే పడగొట్టుకోండి. నేను చూడలేను" అన్నాడు.

లోపల అంతా కలలో జరిగినట్టు జరిగింది. రైటరు హద్దులు పైకి చదివాడు. తూర్పున మాస్టారి స్థలం. అధికారి షాపాయన్ని, "ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా?" అని అడిగాడు. షాపాయన కత్తెరమ్మ వంక ఒకసారి చూశాడు. "ఇప్పుడు, ఆఁ, ఇష్టపూర్వకంగానే" అన్నాడు. వేలిముద్రలు, ఫోటోలు. ఫోటోలో నవ్వొద్దన్నారు. కత్తెరమ్మ వల్ల కాలేదు. రెండుసార్లు తీశారు, రెండుసార్లూ పళ్ళు కనబడ్డాయి, పొమ్మన్నారు.

బయటికొచ్చాక షాపాయన జేబులోంచి తాళంచెవి తీసి అత్తగారి చేతిలో పెట్టాడు. "తెర బాగుందండీ. కాస్త పొట్టిదైంది గానీ" అన్నాడు.

*

మర్నాడు తెల్లవారకముందే ధన్ ధన్ మని చప్పుడు. అద్దె గదిలో సామాన్లు కట్టకుండానే ముగ్గురూ రాత్రే కొత్తింటికి వచ్చి నేల మీద పడుకున్నారు. ఉలిక్కిపడి లేచి వెళ్ళి చూస్తే, మాస్టారు గడ్డపలుగుతో గోడ మీద ఉన్నాడు. మెళ్ళో ఈల. పై వరస ఇటుకలు అప్పటికే కింద ఉన్నాయి.

"అడగకుండా కొట్టేస్తున్నారేంటి మాస్టారూ?" అన్నాడు డ్రైవరు కళ్ళు నులుముకుంటూ.

"నా నేల మీదున్న గోడ. అడగాల్సింది నేనా?"

డ్రైవరు పెళ్ళాం వంక చూశాడు. ఆమె కొంగు బిగించింది. "ఇటుకలు విరగ్గొట్టకండి, మళ్ళీ కట్టుకోవాలి" అని చేతులు చాపింది. మాస్టారు ఊడదీసి ఇస్తుంటే ఆమె అందుకుని డ్రైవరుకిచ్చింది, డ్రైవరు పేర్చాడు. అత్తగారు పాత పునాది మీది మట్టి చీపురుతో ఊడ్చింది. వరసంతా తేలింది. మాస్టారు కవాతు లెక్క అందుకున్నాడు. "ఒకటి, రెండు! ఒకటి, రెండు!" ఆయన చెబుతుంటే నలుగురి చేతులూ ఒక్కసారి కదిలాయి. పొద్దెక్కేసరికి గోడ లేదు. వెలుగు దబ్బున రెండు ఇళ్ళ మీదా పడింది.

కత్తెరమ్మ తన ఖాళీ చూసుకుంది. కొలవక్కర్లేదు. బల్ల పెడితే మనిషి పట్టదు, మనిషి ఉంటే బల్ల పట్టదు. వేలితో బల్ల కొలత గాల్లో గీసి, చెయ్యి దించేసింది.

"బల్ల ముందుగదిలో వేసేద్దాం" అన్నాడు డ్రైవరు పక్కకు వచ్చి. "వచ్చినవాళ్ళు బల్ల మీదే కూర్చుంటారు."

"కూర్చున్నవాళ్ళను కూడా కోసేస్తా" అంది. నవ్వొచ్చింది. ముందుగదిలోనైనా నిలబడే కోస్తుంది. అడిగేవాళ్ళు లేని ముందుగది.

మాస్టారు లోపలికి వెళ్ళి సుత్తి తెచ్చి కిటికీ మేకులు పీకాడు. రెక్కలు కీచుమంటూ తెరుచుకున్నాయి. తర్వాత పడక్కుర్చీ మోసుకొచ్చి తన నేల మధ్యలో దర్జాగా వేశాడు. వేసి, వెనక్కి తగ్గి చూసి, మొహం చిట్లించాడు. నడవడానికి సరిపోయే దారి అది, కుర్చీకి చాలదు. కుర్చీ వెనక కాళ్ళు ఆయన ఇంటి గోడకు ఆనుకున్నా, ముందు కాళ్ళు పునాది దాటి కత్తెరమ్మ నేలలో పడ్డాయి. జరిపి చూశాడు, తిప్పి చూశాడు. ఎలా వేసినా రెండు కాళ్ళు ఇవతలే. ఇన్నేళ్ళు పోట్లాడింది ఇంతేనా అన్నట్టు నిలబడిపోయాడు.

అప్పుడే ముందువైపు నుంచి ఆయన భార్య రెండు బకెట్లతో వచ్చింది. ఇంటి వారగా. తిన్నగా. ఒక్క చుక్క తొణకలేదు. కుర్చీ దగ్గర ఆగింది.

"దారి వచ్చిందో లేదో, అప్పుడే అడ్డమా? తియ్యండి!"

మాస్టారు కుర్చీ ఎత్తుకుని ఎటు పోవాలో తెలియక, పునాది దాటి ఇవతల అడుగు పెట్టాడు. ఆవిడ బరువుగా, నిదానంగా, ఆయన ముందు నుంచి నడిచి వెనక గుమ్మంలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది ఖాళీ బకెట్లతో. మళ్ళీ నిండు బకెట్లతో. అవసరం ఉండి కాదని కత్తెరమ్మకు అనిపించింది. మాస్టారు కుర్చీ పట్టుకుని ఆమె నేలలోనే నిలబడి ఉన్నాడు.

"దించండి మాస్టారూ, చేతులు నొప్పెడతాయి" అంది కత్తెరమ్మ.

"నీ హద్దులో."

"ఇప్పుడు నేనే రమ్మంటున్నా కదా. పిలిస్తే వచ్చి కూర్చున్నవాళ్ళకు హక్కు రాదట, రైటరుగారిని అడిగాను."

మాస్టారు ఆమె మొహంలోకి చూశాడు. కుర్చీ దించాడు. కూర్చున్నాడు. కాళ్ళు చాపాడు.

డ్రైవరు కబురు పెట్టిన మేస్త్రీ సందు వైపు నుంచి వచ్చాడు, భుజాన తాడు చుట్ట, చేతిలో తాపీ. పాత పునాది చూసి సంబరపడ్డాడు. "ఇంత చక్కటి వరస ఉంటే ఇంకేం! ఈ పూటకు మోకాలెత్తు లేపేస్తా. పెద్దాయనా, కుర్చీ తియ్యండి."

మాస్టారు కదల్లేదు. కళ్ళు మూసుకుని, ఎండ మొహాన పడనిస్తూ, "టీ తాగావా?" అన్నాడు.

"లేదండీ."

"తాగిరా. తొందరేముంది."

మేస్త్రీ తాడు పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎవరి మాట వినాలో తెలియలేదు. "అమ్మా, ఇల్లు మీదే కదా, మీరేమంటారు?"

కత్తెరమ్మ చేతుల మీది ఇటుక దుమ్ము కొంగుకు తుడుచుకుంది.

"మాస్టారు చెప్పారు కదా" అంది. "తాగిరా."